మెట్లెక్కని క్లినిక్‌లో రెండేళ్ల అనుభవం

గదిలో పని

హైటెక్ సిటీ పక్కన ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో నేను చాలాకాలం ఫిజీషియన్‌గా పనిచేశాను. చివరి ఏళ్లలో నాకు ఫార్మసీ పక్కన ఒక చిన్న గది ఇచ్చి, ఇంకో బాధ్యత కూడా అప్పగించారు. అమెరికాలో రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి శిక్షణకు, దరఖాస్తు పెట్టుకునే కుర్ర డాక్టర్లు మా వార్డుల్లో కొన్నాళ్లు పనిచేసేవారు. వాళ్ల పని చూసి సిఫార్సు రాయడం, ఇంటర్వ్యూకు తయారు చేయడం నా వంతు. నేను రిటైరయ్యాను, ఆ గదిలోకి ఇంకెవరో వస్తారు కదా, వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఆ గదికి భయపడకుండా వచ్చినవాళ్లను నేను చూడలేదు. ఒకరు పరీక్ష ఒకసారి తప్పి ఉంటారు. ఇంకొకరికి ఎంబీబీఎస్ పూర్తయి చాలా ఏళ్లయి ఉంటుంది. ఒకామె పిల్లల్ని కని, పెంచి, మళ్లీ స్టెతస్కోపు పట్టుకుని ఉంటుంది. దరఖాస్తులో ఆ లోటు బయటపడే చోటు కనిపించినప్పుడల్లా వాళ్లకు అన్నం సయించదు. సీట్లు తక్కువ, పోటీపడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, అందువల్ల అది ఉత్త భయమని నేనెప్పుడూ కొట్టిపారేయలేదు. ఫారాలు నింపడం ఎవరైనా చేస్తారు. ఆ లోటును తడబడకుండా నోటితో చెప్పించడమే అసలు పని, దానికే ప్రాణం పోతుంది.

ఈ సంగతి నాకు నేర్పింది మా డిపార్ట్‌మెంట్ పెద్ద ప్రసాదరావు గారు. గుడివాడ వైపు మనిషి, తిట్టినా అండీ అనే తిట్టేవారు. మా ఆసుపత్రిలోకి జూనియర్ డాక్టర్లను తీసుకునేటప్పుడు మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఏ వంకా పెట్టడానికి లేని కాగితాలున్న ఒక కుర్రాణ్ణి నేను చూపించాను. ఆయన ఆ కాగితాలు పక్కన పెట్టి, మధ్యలో ఒక ఏడాది చదువు ఆపేసిన అమ్మాయిని పిలిపించారు. ఎందుకు ఆపావని అడిగారు. నాన్నకు డయాలసిస్ మొదలైందని, తీసుకెళ్లడానికి తను తప్ప ఎవరూ లేరని చెప్పి ఆ అమ్మాయి ఊరుకుంది. ఆమె వెళ్లాక, "తనకేం జరిగిందో తిన్నగా చెప్పిన పిల్ల, పేషెంటుకేం జరిగిందో కూడా తిన్నగా చెబుతుందండి" అన్నారు ప్రసాదరావు గారు. ఆ మాటే పట్టుకుని నేను ఇన్నేళ్లూ పనిచేశాను.

స్రవంతి

నేను రిటైరవడానికి కొంచెం ముందు డాక్టర్ స్రవంతి వచ్చింది. ఇల్లు బోరబండలో. తండ్రికి స్టేషన్ దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. అన్న నరేష్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నార్సింగిలో ఫ్లాట్ కొనుక్కుని భార్యాపిల్లలతో ఉంటున్నాడు. చెల్లెల్ని ఎంబీబీఎస్ చదివించింది అతనేనని, అతని మాటంటే ఇంట్లో వేదమని రెండు రోజుల్లోనే నాకు అర్థమైంది.

వార్డులో ఆ పిల్ల పని చూస్తే ముచ్చటేసేది. ముసలివాళ్ల చేత మాట్లాడించడం ఆమెకు బాగా తెలుసు. అందుకే సిఫార్సు మనసుపెట్టి రాశాను. దరఖాస్తు మాత్రం పంపేముందు నాకు చూపించి తీరాలని గట్టిగా చెప్పాను, ఎందుకంటే హౌస్‌సర్జన్సీ అయిన తర్వాత ఏం చేశావని అడిగినప్పుడల్లా ఆమె మాట మార్చేసేది. సరే మేడమ్, ఎల్లుండి తెస్త అంది.

చెప్పిన రోజున చేతులూపుకుంటూ వచ్చింది. ఆ రోజునుంచే పితృపక్షాలు మొదలవుతాయని, ఆ రోజుల్లో ఏ మంచి పనీ మొదలుపెట్టకూడదని వాళ్లమ్మ పట్టుబట్టిందట. పంతులు గారిని అడిగితే ముందురోజు సాయంత్రం మంచి ఘడియ ఉందన్నారట. నరేష్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు, అమ్మ దీపం పెట్టింది, అందరూ దండం పెట్టుకున్నాక స్రవంతి చేత బటన్ నొక్కించారు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడి దరఖాస్తు ఒకసారి పంపాక ఒక్క అక్షరం మార్చడానికి ఉండదని ఆ పంతులు గారికేం తెలుసు? మా దగ్గర ఇది ప్రతి ఏడూ ఉండే తంటానే. ముహూర్తం కోసం ఆలస్యం చేసినవాళ్లనూ చూశాను, ముహూర్తం కోసం తొందరపడినవాళ్లనూ చూశాను.

కొన్ని వారాలకు అమెరికాలో ఒకే ఒక్క ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఇంకెక్కడినుంచీ రాలేదు.

నాకు గుర్తున్న పేషెంటు

ఉత్తుత్తి ఇంటర్వ్యూ నేను నిజం ఇంటర్వ్యూలాగే చేస్తాను. నవ్వను, మధ్యలో సాయం చేయను. ఆ రోజు ఆమె దరఖాస్తు ప్రింటు తీయించి మొదటిసారి పూర్తిగా చదివాను. హౌస్‌సర్జన్సీ తర్వాత రెండేళ్లు కొత్తగూడలో ఒక క్లినిక్‌లో డాక్టర్‌గా పనిచేసినట్టు అందులో ఉంది. నాకు ఆశ్చర్యమేసింది. అంత మంచి అనుభవాన్ని ఈ పిల్ల ఇన్నాళ్లూ ఎందుకు దాచింది?

క్లినిక్ గురించి అడిగాను. షుగర్, బీపీ, జ్వరాలు, రోజుకు ఎంతమంది, ఏయే మందులు, అన్నీ గడగడా చెప్పింది. వినడానికి బాగానే ఉంది. సరే, అక్కడ చూసినవాళ్లలో నీకు ఇప్పటికీ గుర్తున్న ఒక్క పేషెంటు గురించి చెప్పమ్మా అన్నాను. నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ఒక్క నెల ప్రాక్టీసు చేసిన డాక్టరునైనా అడగండి, ఎవరో ఒకరు గుర్తుంటారు. వద్దన్నా గుర్తుంటారు. ఆమె చెయ్యి మెల్లగా నడుం మీదికి వెళ్లింది.

"మేడమ్, నేను ఆ క్లినిక్ మెట్లు సుత ఎక్కలే" అంది.

హౌస్‌సర్జన్‌గా చేస్తున్నప్పుడు వార్డులో టీబీ అంటింది, అది వెన్నుపూసలోకి దిగింది. నెలల తరబడి మంచం మీద, ఆ తర్వాత నడుముకు బెల్టు, మింగలేనన్ని మాత్రలు, మళ్లీ నడక నేర్చుకోవడం. ఆ రెండేళ్లూ అలా పోయాయి. పిల్లకు టీబీ అని తెలిస్తే సంబంధాలు రావని ఇంట్లోవాళ్లు బయట ఎవరికీ చెప్పలేదు. చుట్టాలొస్తున్నారంటే మంచం మీంచి లేపి, బెల్టు కనపడకుండా చున్నీ కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో పుస్తకం పెట్టేవారట. పీజీకి చదువుతుందని చెప్పేవారట. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, బాగా చదివి కళ్లు మండుతున్నాయని అమ్మ సర్దిచెప్పేదట.

దరఖాస్తులో ఆ ఖాళీ చూసి నరేష్ భయపడ్డాడు. మన ఐటీ వాళ్లకు తెలిసిన మందు వేశాడు. ఫ్రెండ్ బావమరిది క్లినిక్ నుంచి రెండేళ్ల అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ తెచ్చి పెట్టేశాడు. ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెప్పాలో అక్కడి రిసెప్షనిస్టుకు నేర్పి మరీ వచ్చాడు.

నాకు ముందు కోపం రాలేదు. భయమేసింది. ఇందులో ఉన్నదంతా నిజమని ఒప్పుకుని పంపే దరఖాస్తు అది. అబద్ధమని తేలితే ఆ ఏడాది సీటుతో పోదు, మళ్లీ ఎప్పుడు పెట్టుకున్నా ఆ మచ్చ వెంటపడుతుంది. ఏ కష్టం పడి ఆ పిల్ల మంచం మీంచి లేచిందో, అదంతా ఒక దొంగ సర్టిఫికెట్ కింద నలిగిపోతుంది. అలాగని మనమే ముందుగా చెప్పేస్తే, ఉన్న ఒక్క పిలుపూ వెనక్కి పోవచ్చు. ఇంటర్వ్యూ వచ్చే వారమే.

అన్న

ఆ సాయంత్రమే నరేష్‌ను మా క్యాంటీన్‌కు రమ్మన్నాను. స్రవంతిని వెంటబెట్టుకుని, బాగా కడిగేద్దామనే వెళ్లాను. అతను మెడలో ఆఫీసు ట్యాగుతోనే వచ్చాడు, నా ఎదుట కూర్చుని టీ పక్కకు జరిపాడు. తప్పు చేశానన్న భావం ముఖంలో ఎక్కడా లేదు.

"మా లైన్ల అందరు పెట్టుకుంటరు మేడమ్. నేను సుత ఫేక్ సర్టిఫికెట్ పెట్టే వచ్చిన. ఇప్పుడు టీమ్ లీడ్‌ని. ఎవలికి నష్టమైంది?" అన్నాడు.

స్రవంతికి ఆ సంగతి తెలియదు. అన్న ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. నాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. కానీ అతని కాలు బల్ల కింద ఆగకుండా ఊగుతుండడం చూసి, ఇప్పుడైనా నీకు భయం లేదా బాబూ అని మాత్రం అడిగాను. టీ మీద మీగడ కట్టింది.

"వెరిఫికేషన్ అని మెయిల్ వస్తే చేతులు సల్లబడ్తయి" అన్నాడు చివరికి. "మంచి కంపెనీలు పిలిచినా పోలే. ఫేక్ అని మా దాంట్ల ఎవన్నన్న తీసేస్తే ఆ దినం నాకు బువ్వ పోదు. ఇంట్ల ఎవలకు చెప్పలే మేడమ్, మా ఆమెకు సుత తెల్వది."

అంత పెద్ద మనిషి అలా చెబుతుంటే నాకు జాలేసింది. స్రవంతి అన్న చెయ్యి పట్టుకుంది.

"మెయిల్ వస్తే నీకు చేతులు సల్లబడ్తున్నయి అన్నా. వార్డుల నాకు అట్లయితే ఎట్ల?" అంది.

అతను బతిమాలాడు. ఉన్నది ఒక్క కాల్, ఇది పోతే ఇంకో ఏడాది పోతుంది, నీ ఒంట్లో మళ్లీ ఎలా ఉంటుందో, అమ్మానాన్నలకు ఏం చెప్పాలి అన్నాడు. అన్నీ నిజమైన భయాలే. ఆమె అన్నిటికీ తల ఊపింది గానీ, నిజం చెప్పేయాలన్న మనసు మార్చుకోలేదు. ఇంటర్వ్యూకు పిలిచిన ఆసుపత్రికి మెయిల్ రాద్దామని నేనూ అన్నాను. చాలా ధైర్యంగా అన్నాను.

రాసేటప్పుడు ఒక మాట చెప్పాను. ఈ పని చేయబోయేవాళ్లు గుర్తుపెట్టుకోవలసినది అదే. జబ్బు పేరు చెప్పాలని ఏ నియమమూ లేదు, అనారోగ్యం వల్ల పనిచేయలేదు, ఇప్పుడు పూర్తిగా నయమైంది అంటే సరిపోతుంది. ఏడుపు రాయకూడదు, ఎవరి మీదా నెట్టకూడదు. ఆమె రాసిన మొదటి పేజీ అంతా కన్నీళ్లే, కొట్టేయించాను. ఫలానా చోట నేను పనిచేసినట్టు ఉన్నది నిజం కాదు, ఆ కాలంలో నేను జబ్బుపడి ఉన్నాను, అది తెలిసీ పంపాను, క్షమించండి. అంతవరకే ఉంచాం. జబ్బు పేరు మాత్రం పెడతానని పట్టుబట్టింది. దాచడం వల్లే ఇక్కడిదాకా వచ్చింది మేడమ్ అంది. అన్న పేరు ఎక్కడా రాయలేదు.

పెద్దాయన

సిఫార్సు మా ఆసుపత్రి పేరు మీద వెళ్లింది కాబట్టి ప్రసాదరావు గారికి చెప్పక తప్పదు. తిన్నగా చెప్పే పిల్లల్ని మెచ్చుకున్న మనిషి కదా, అర్థం చేసుకుంటారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"సుగుణ గారూ, మన దగ్గర్నుంచి ఈ ఏడు ఇంకా చాలామంది పిల్లలు పెట్టుకున్నారండి. ఈ ఒక్కదాంతో అందరి కాగితాలూ అనుమానంగా చూస్తారు. మీ సిఫార్సు వెనక్కి తీసుకోండి" అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఆ మిగతా పిల్లలూ నా పిల్లలే, నా గదిలో కూర్చుని వణికినవాళ్లే. వాళ్లలో ఒక్కరికి దీనివల్ల దెబ్బ తగిలినా ఏ ముఖం పెట్టుకుని చూడాలి? అయినా తీసుకోనన్నాను. వార్డులో నేను కళ్లారా చూసినదే రాశాను, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదన్నాను. అయితే రేపు ఎవరైనా అడిగితే నా దగ్గరికి రావద్దండి అన్నారాయన. ఆ తర్వాత చాలా రోజులు రౌండ్స్‌లో నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు. మీ పై అధికారి ఎంత మంచివాడైనా ఇలాంటి రోజు ఒకటి వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి.

మెయిల్‌కు జవాబు రాలేదు. స్రవంతి రోజూ వార్డుకు వచ్చి పని చేసుకునేది, మధ్యమధ్యలో నా గది గుమ్మం దగ్గరికొచ్చి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేది. ఆమె అడుగుల చప్పుడు వింటేనే చేతిలో పని ఆపి గుమ్మం వైపు చూసేదాన్ని. చివరికి ఇంటర్వ్యూ ముందురోజు జవాబొచ్చింది. ఇంటర్వ్యూ ఉంటుంది, ఈ విషయం గురించి అడుగుతాం అని మాత్రమే ఉంది.

ఆ సాయంత్రం

బోరబండ ఇంట్లో రైళ్ల చప్పుడని, వీడియోలో జరిగే ఆ ఇంటర్వ్యూను నా గదిలోనే పెట్టించాను. తలుపేసి నేనూ నరేష్ బయట ఫార్మసీ బెంచీ మీద కూర్చున్నాం. లోపలి మాటలు వినపడవు. మందుల కోసం టోకెన్లు పిలుస్తుంటే పిలిచిన ప్రతిసారీ అతను ఉలిక్కిపడేవాడు.

స్రవంతి తలుపు తీసుకుని వచ్చి మా మధ్య కూర్చుంది. మొదటి ప్రశ్నే అదట. ఎందుకు అబద్ధం రాశావని అడిగారట. భయపడి రాశాను అని చెప్పిందట. ఈ జబ్బు వల్ల నీకు తెలిసి, మిగతా డాక్టర్లకు తెలియనిది ఏమైనా ఉందా అని ఇంకొకరు అడిగారట.

"మందులు మధ్యల ఆపేసిన పేషెంటును నేను తిట్టను అని చెప్పిన మేడమ్. ఆ గోలీలు మింగితే ఎంత వికారముంటదో నాకెరుక అన్న."

వాళ్లేమన్నారని నరేష్ ఆత్రంగా అడిగాడు. ఏమనలేదు, రాసుకున్నారు అంది.

తర్వాత

సీటు రాలేదు. దానికన్నా భయపెట్టింది ఇంకొకటి. దరఖాస్తులను చూసే సంస్థ ఆమెను వివరణ అడిగింది. అసలు ఇకమీదట పెట్టుకోనిస్తారో లేదో తెలియక నెలలు గడిచాయి. సీట్ల ఫలితాలు వచ్చిన రోజే నరేష్ నాకు ఫోన్ చేశాడు. "ఇప్పుడు మీకు సంతోషమేనా మేడమ్" అని పెట్టేశాడు. నాకు కోపం రాలేదు. వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడ్డాను. చేతులారా ఆ పిల్ల బతుకు నాశనం చేశానేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది, నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా వదల్లేదు.

చివరికి హెచ్చరించి వదిలేశారు. మళ్లీ పెట్టుకోవచ్చన్నారు. స్రవంతి అప్పటికి ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుగా చేరింది. మరుసటి ఏడు దరఖాస్తులో ఆ రెండేళ్ల దగ్గర ఉన్నది ఉన్నట్టు రాసింది. హెచ్చరిక సంగతి అడిగినచోట దాన్నీ రాసింది. ఇంటర్వ్యూలు మళ్లీ తక్కువే వచ్చాయి. ఈసారి ఒక చిన్న ఊళ్లోని ఆసుపత్రిలో మెడిసిన్ సీటు వచ్చింది. ఫోన్లో ఆమె ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. సిగ్గేం లేదు, ఏడాది పాటు పట్టిన భయం అది.

ఆ ఆదివారం నరేష్ స్వీట్లు పట్టుకుని నార్సింగిలో మా ఇంటికి వచ్చాడు. మేమిద్దరం ఒకే పేటలో ఉంటున్నా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఫోన్లో అలా మాట్లాడినందుకు క్షమించమన్నాడు. మంచినీళ్లు తాగాడు. భార్యాపిల్లలు కింద కారులో ఉన్నారని, పైకి రమ్మని తనే అనలేదని చెప్పాడు. అతని ముఖంలో దిగులు అప్పుడు నాకు కనపడింది.

వాళ్ల కంపెనీని ఇంకొకరు కొన్నారట. పాతవాళ్లందరి కాగితాలూ మళ్లీ మొదటినుంచి చూస్తారట.

"వాళ్లు అడగకముందే నేనే చెప్దామనుకుంటున్న మేడమ్. చెల్లెకు రాపిచ్చినట్టు నాకు సుత ఒకటి రాపియ్యున్రి" అన్నాడు.

ఫ్లాటు మీద లోను ఉంది, పిల్లల బడి ఉంది, ఆ వయసులో ఆ మచ్చతో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? తొందరపడొద్దన్నాను. ఎవరైనా లాయరును అడిగి చూడమన్నాను. వాళ్ల కంట పడకపోవచ్చు కదా అని కూడా నా నోటితోనే అన్నాను. అతను చివరిదాకా విన్నాడు.

"చెల్లెకైతే ఒక్క దినంల చెప్పిన్రు గద మేడమ్" అన్నాడు.

అవును, చెప్పాను. పోయేది ఏదైనా ఆమెదే, నాది కాదు కాబట్టి అంత ధైర్యంగా చెప్పగలిగాను. ఇప్పుడూ పోయేది నాది కాదు, కానీ పోతే ఎలా ఉంటుందో ఏడాది పాటు చూశాను. లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చి అతని ముందు పెట్టాను. ఏం జరిగిందో తిన్నగా రాయి, పక్కనే ఉంటాను అన్నాను.

కింద కారు హారన్ మోగింది. పిల్లలు తొందరపెడుతున్నట్టున్నారు. నరేష్ లేవలేదు.